అర్ధరాత్రి గుండె దడ: లేచిన టైమే సగం జవాబు

రాత్రి 2 అవుతుంది. అప్పటిదాకా హాయిగా పడుకున్న మనిషి ఉన్నట్టుండి లేచి కూర్చుంటాడు. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, ఒళ్లంతా ముచ్చెమటలు, ఊపిరి చాలదు, చేతులు వణుకుతుంటాయి, ఇక తెల్లారేదాకా బతకననే భయం. ఇంట్లో ఒకరు గ్యాస్ అంటారు, ఒకరు వేడి చేసిందంటారు, పెద్దావిడ ఉంటే ముందు ఉప్పు తీసి దిష్టి తిప్పుతుంది. చివరికి ఆటో ఎక్కి విజయవాడలో అయితే సూర్యారావుపేటకి, గుంటూరులో అయితే కొత్తపేటకి పరుగు. ఈసీజీ తీస్తారు, నార్మల్ అని చెప్తారు, "టెన్షన్ అండీ, ఏం లేదు" అని ఒక బిళ్ల ఇచ్చి పంపిస్తారు. నాలుగు రోజులు పోయాక మళ్లీ అదే.

ఆ "ఏం లేదు" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. గుండెకి ఏం లేకపోవచ్చు, కానీ గాఢంగా నిద్రపోతున్న మనిషిని లేపి కూర్చోబెట్టింది ఏదో ఒకటి ఉంది కదా.

క్లుప్తంగా చెప్పాలంటే: రాత్రిపూట దడతో మెలకువ రావడానికి పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి విరుచుకుపడే తీవ్రమైన భయం, ఒక పెద్ద కారణం, కానీ అదొక్కటే కాదు. గురకతో ఊపిరి ఆగడం, షుగర్ పడిపోవడం, మద్యం తాగడం, ఛాతీ మంట, గుండె లయ తప్పడం, థైరాయిడ్, రక్తహీనత, ఇవన్నీ బయటికి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. వీటిని విడదీసేది దడ ఎంత గట్టిగా ఉందన్నది కాదు. పడుకున్న ఎంతసేపటికి వచ్చింది, దేంతో తగ్గింది అన్న రెండు వివరాలు.

మోత ఒకటే, నొక్కేవాళ్లు వేరు

ఇంటి కాలింగ్ బెల్ పాలవాడు నొక్కినా, పోలీసు నొక్కినా ఒకేలా మోగుతుంది. దడ సంగతీ అంతే. ఒంట్లో ఎక్కడ తేడా వచ్చినా మెదడు మోగించే గంట ఒకటే, అడ్రినలిన్ అనే హార్మోను. అది రక్తంలోకి రాగానే గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, చర్మానికి రక్తం తగ్గి చేతులు చల్లబడతాయి, ఊపిరి వేగమవుతుంది. ఆక్సిజన్ తగ్గినా, షుగర్ తగ్గినా, ఊరికే భయం వేసినా ఇదే వరస. అందుకే లక్షణాలు చెప్పి కారణం చెప్పమంటే ఎంతటి డాక్టరైనా మొదట రెండు మూడు ప్రశ్నలు అడగాల్సిందే.

మెలకువగా తీరికగా కూర్చున్నప్పుడు పెద్దవాళ్ల గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. నిద్రలో ఇంకా తగ్గుతుంది, చాలామందిలో 60 కంటే కిందికి దిగుతుంది, అది మామూలే. 55లో నడుస్తున్న గుండె ఒక్కసారిగా 120కి వెళ్తే ఆ తేడా భయంకరంగా తెలుస్తుంది. పగలు బస్సు కోసం పరిగెత్తినప్పుడు అదే 120 వస్తే ఎవరూ పట్టించుకోరు. పైగా రాత్రి చుట్టూ నిశ్శబ్దం, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా వచ్చి కొట్టుకోవడం దిండులో కూడా వినిపిస్తుంది.

నిద్ర రాత్రంతా ఒకేలా ఉండదు. సుమారు 90 నిమిషాలకొక చక్రం తిరుగుతుంది. గాఢనిద్ర ఎక్కువగా ముందు సగంలో వస్తుంది, కలల నిద్ర తెల్లవారుజాము వైపు పెరుగుతుంది. కలల నిద్రలో గుండె వేగం, బీపీ, ఊపిరి కుదురుగా ఉండవు, పైకీ కిందికీ ఊగుతుంటాయి. ఇంకోవైపు, పొద్దున్నే మనిషిని లేపడానికి సిద్ధం చేసే కార్టిసోల్ అనే హార్మోను అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువగా ఉండి, తెల్లవారుజాముకి మెల్లగా ఎక్కడం మొదలవుతుంది. 12కి వచ్చే దడనీ, 4కి వచ్చే దడనీ ఒకే గాటన కట్టకూడదనేది ఇందుకే.

"నాకు టెన్షన్లేమీ లేవండీ" అనేవాళ్లకి ఎందుకొస్తుంది

పానిక్ డిజార్డర్ అనే పేరు అమెరికా సైకియాట్రీ వర్గీకరణలో విడిగా చేరింది 1980లో. కానీ ఈ లక్షణాలు పాతవే. 1871లోనే డా కోస్టా అనే డాక్టరు అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన సైనికుల్లో గుండెకి జబ్బు కనిపించకపోయినా దడ, ఆయాసం వస్తున్నాయని రాశాడు. పానిక్ జబ్బున్నవాళ్లలో సుమారు సగం మందికో, అంతకంటే ఎక్కువమందికో ఒక్కసారైనా నిద్రలోంచి అటాక్ వచ్చి ఉంటుంది. అంటే ఇది వింత కేసేమీ కాదు.

చాలామందికి అర్థం కానిదేంటంటే, ఈ అటాక్ పీడకల వల్ల రాదు. నిద్రని రికార్డు చేసి చూస్తే ఇది ఎక్కువగా కలలు లేని నిద్రలో, తేలిక నిద్ర నుంచి గాఢనిద్రలోకి దిగే మలుపులో, సాధారణంగా పడుకున్న 1 నుంచి 3 గంటల లోపు వస్తుంది. పీడకల తెల్లవారుజాము సరుకు, లేచాక కథ గుర్తుంటుంది, "ఎవరో తరుముతున్నారు" అని చెప్పగలరు. పానిక్‌తో లేచినవాళ్లకి చెప్పడానికి కథ ఉండదు, భయం మాత్రమే ఉంటుంది. పిల్లలు రాత్రి లేచి కేకలు పెట్టి, పిలిచినా పలక్కుండా మళ్లీ పడుకుని పొద్దున్నే ఏమీ గుర్తులేదంటారే, అది ఇంకోటి. "దయ్యం గుండెల మీద కూర్చుంది, కదల్లేకపోయాను" అనేది మరొకటి, కలల నిద్రలో కండరాలు పూర్తిగా వదులై కదలని స్థితిలో ఉండగానే మెలకువ రావడం. నాలుగింటినీ కలిపి "పీడకలలు" అనేస్తారు గానీ వేటి దారి వాటిదే.

మరి కల లేకుండా భయం ఎలా? దీనికి ఎక్కువగా చెప్పే వివరణ ఊపిరికి సంబంధించింది. నిద్రలోకి జారేకొద్దీ ఊపిరి నెమ్మదించి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరుగుతుంది. అందరికీ పెరుగుతుంది. కొందరి మెదడు మాత్రం ఆ చిన్న పెరుగుదలనే "ఊపిరాడటం లేదు" అని లెక్కేసి గంట కొట్టేస్తుంది. 1993లో డొనాల్డ్ క్లైన్ అనే సైకియాట్రిస్టు దీన్ని ఊపిరాడటం లేదన్న తప్పుడు హెచ్చరికగా ప్రతిపాదించాడు. అన్ని అటాకులకీ ఇది సరిపోదు గానీ, పగలంతా నవ్వుతూ తిరిగిన మనిషికి రాత్రి ఎందుకొస్తుందో చెప్పడానికి ఇది బాగా పనికొస్తుంది. కళ్లు మూసుకుని ఒళ్లు వదులైపోవడమే వాళ్ల మెదడుకి ప్రమాద సంకేతంలా అనిపిస్తుంది. అందుకే "ప్రశాంతంగా ఉండు" అన్న సలహా వాళ్లకి చిరాకు తెప్పిస్తుంది, వాళ్లు ప్రశాంతంగా ఉన్నప్పుడే కదా వచ్చింది.

మొదలయ్యాక ఇది తనని తానే పెంచుకుంటుంది. భయంతో గబగబా ఊపిరి తీస్తే ఈసారి కార్బన్ డయాక్సైడ్ ఉండాల్సిన దానికంటే పడిపోతుంది. దాంతో వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిర్లు, తల తిరగడం. ఎడమ చేయి తిమ్మిరెక్కింది అనగానే గుండెపోటు గుర్తొస్తుంది, ఇంకాస్త అడ్రినలిన్. ఈమధ్య చేతికి స్మార్ట్ వాచీలు వచ్చాక నిమిషానికోసారి అంకె చూసుకోవడం కూడా తోడైంది. 2021లో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకి, 2023లో తారకరత్న 39 ఏళ్లకి గుండె సమస్యతో పోయాక, దానికితోడు జిమ్‌లో కుప్పకూలిన వీడియోలు వాట్సాప్‌లో రోజూ తిరుగుతుంటే, అర్ధరాత్రి దడ రాగానే మనసు ఎటు పోతుందో ఊహించుకోవచ్చు.

పానిక్ అటాక్ సాధారణంగా 10 నిమిషాల్లోపే శిఖరానికి చేరి, అరగంట లోపు తగ్గుముఖం పడుతుంది. అడ్రినలిన్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది మరి. బట్టలు మార్చుకుని, ఆటో దొరికి, సూర్యారావుపేట చేరి, ఈసీజీ బల్ల ఎక్కేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఈసీజీ నార్మల్ రావడంలో ఆశ్చర్యం లేదు. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది, నిజంగానే గుండె లయ తప్పి మళ్లీ సర్దుకున్నా ఆ ఈసీజీ నార్మల్‌గానే వస్తుంది.

టెన్షన్ ఖాతాలో పడిపోయేవి

అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయేది గురక. స్లీప్ ఆప్నియాలో నిద్రపోగానే గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి 10 సెకన్లకి పైగా ఆగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు అడ్రినలిన్ కొట్టి మనిషిని అర మెలకువలోకి లాగుతుంది, గుర్రుమని ఒక శబ్దం, మళ్లీ నిద్ర. గంటకి ఇలాంటివి 5 దాటితే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం. వీటిలో చాలావరకు గుర్తుండవు, ఒకటో రెండో మాత్రం గుండె దడతో పూర్తి మెలకువగా మారతాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు, కలల నిద్రలో ఎక్కువవుతుంది కాబట్టి తెల్లవారుజామున వచ్చే దడల్లో దీన్ని అనుమానించాలి. పొద్దున్నే తలనొప్పి, నోరెండటం, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, పగలు టీవీ ముందు కూర్చుంటే చాలు కునుకు, ఎన్ని బిళ్లలేసినా దిగని బీపీ, ఇవి తోడు లక్షణాలు. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోవద్దు, దవడ చిన్నగా ఉన్న సన్నటివాళ్లకీ వస్తుంది. ఇక్కడే ఆ "టెన్షన్ బిళ్ల" ఎదురు తిరుగుతుంది. ఆల్ప్రాజోలం లాంటివి గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తాయి, ఊపిరి ఆగినప్పుడు లేపే గంటని నెమ్మది చేస్తాయి. దడ తగ్గినట్టుంటుంది, జబ్బు ముదురుతుంది.

రెండోది షుగర్ పడిపోవడం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో, గ్లిమిపెరైడ్ లాంటి షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లలో ఇది రావొచ్చు. మన ఇళ్లలో శనివారమో, సోమవారమో రాత్రి భోజనం మానేసి అరటిపండో, రెండు ఇడ్లీలో తిని పడుకోవడం మామూలు. అన్నం మానేస్తారు గానీ బిళ్ల మానరు, "మందు తప్పకూడదు కదా" అని. అర్ధరాత్రి దాటాక షుగర్ 70 కంటే కిందికి వెళ్తే ఒళ్లు తడిసిపోయేంత చెమట, వణుకు, దడ, ఆకలి, ఒక్కోసారి తికమకగా మాట్లాడటం. తేడా తెలుసుకోవడం తేలిక: గ్లూకోమీటర్‌లో చూడటం, లేదా మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర, అంటే దాదాపు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడటం. తీపి పడగానే దడ తగ్గితే జవాబు దొరికినట్టే. బీపీకో, దడకో గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ బిళ్ల వాడేవాళ్లకి ఈ దడ సరిగా తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే మిగులుతుంది. ఉపవాసం ఉండాలనుకుంటే ఆ రోజు బిళ్ల సంగతి ముందే డాక్టరుని అడిగి పెట్టుకోవాలి.

మద్యం తాగినవాళ్ల టైము కూడా ఇంచుమించు చెప్పేయొచ్చు. రాత్రి 10కి ఆపితే తొందరగా నిద్ర పడుతుంది, 2, 3 గంటలప్పుడు అది ఒంట్లోంచి దిగిపోతూ నరాలని ఎదురు తన్నుతుంది. చెమట, దడ, కారణం లేని దిగులు. శనివారం పార్టీ, ఆదివారం తెల్లవారుజామున దడ అన్న వరస పదేపదే కనిపిస్తే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. కొందరిలో ఒక్కరోజు అతిగా తాగినా గుండె లయ నిజంగానే తప్పుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కాఫీ సంగతి వేరు: అందులోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, సాయంత్రం 6కి తాగిన కప్పు రాత్రి 11కి ఇంకా సగం పని చేస్తూనే ఉంటుంది.

గ్యాస్ గురించి గుంటూరు వాళ్లని వదిలేసి మాట్లాడితే అన్యాయం. మిర్చి యార్డు ఉన్న ఊరు, గోంగూర పచ్చడి లేని భోజనం లేదు, పైగా షాపులు కట్టేసి 10:30కి తిని 11కి పడుకోవడం అలవాటు. నిండు కడుపుతో వెల్లకిలా పడుకుంటే పుల్లటి ద్రవం గొంతు దాకా వస్తుంది, మంట, దగ్గు, ఉలిక్కిపడి లేవడం, దడ. తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఎడం పెట్టి, తలవైపు మంచం కాళ్ల కింద ఇటుకలు పెడితే తగ్గేది చాలా ఉంది. దిండ్లు పేర్చితే మాత్రం పొట్ట మడతపడి ఇంకా ఇబ్బంది.

గుండె లయ జబ్బుల్లో ఎస్‌వీటీ అనేది స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగుతుంది, వేగం 150 దాటిపోతుంది. పానిక్‌లో దడ ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. నాడి పట్టుకుంటే ఒక లెక్కా పత్రం లేకుండా కొడుతుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకోవడం, అని అనుమానం. ఇలాంటివాళ్లకి ఒక్క ఈసీజీ చాలదు, 24 గంటలో అంతకంటే ఎక్కువో ఒంటికి తగిలించుకుని గుండె లయని రికార్డు చేసే హోల్టర్ అనే యంత్రం పెట్టాలి. గుండె పంపు బలహీనపడ్డవాళ్లు పడుకున్న గంటా రెండు గంటలకి ఆయాసంతో లేచి, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే గానీ కుదుటపడరు, పాదాలకి నీరు కూడా ఉంటుంది. టైము పానిక్‌దే, కానీ కూర్చుంటే తగ్గడం గుర్తు.

మిగతావి రక్తపరీక్షతో తేలిపోతాయి. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తే పగలు కూడా దడ, తింటున్నా బరువు తగ్గడం ఉంటాయి. రక్తహీనత మన ఆడవాళ్లలో ఎంత మామూలంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్యవాళ్లలో 57 శాతం మందికి ఉన్నట్టు తేలింది. నలభై దాటి నెలసరి గతి తప్పుతున్నవాళ్లకి రాత్రి ఆవిర్లు, చెమట, దడ కలిసి వస్తాయి, ఇంట్లో దానికి పెట్టే పేరు మళ్లీ టెన్షనే.

వేడి, వాన, అమెరికా ఫోను

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి ఒక డిగ్రీ దాకా తగ్గాలి. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు, మే నెలలో రాత్రి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. చర్మానికి రక్తం పంపి చల్లబరచడానికి గుండె ఎక్కువ కొట్టుకోవాలి, ఒంట్లో నీళ్లు తగ్గితే ఇంకా ఎక్కువ. కరెంటు పోయి ఏసీ ఆగిన అరగంటకి వచ్చే మెలకువ చాలావరకు ఇదే. అయితే పానిక్‌కి అలవాటైన మెదడు ఆ మామూలు దడని కూడా పట్టుకుని పెద్దది చేసుకుంటుంది.

నిద్రలో చెవులు మూసుకుపోవు. మెదడు శబ్దాలని వడకడుతూనే ఉంటుంది, తనకి ముఖ్యమైనవాటికి లేస్తుంది. పిల్లాడి మూలుగుకి తల్లి లేవడం అందుకే. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి వచ్చాయి. అలాంటిది ఒకసారి చూసిన మెదడుకి రాత్రి వాన చప్పుడు ముఖ్యమైన శబ్దాల జాబితాలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత ప్రతి జోరు వానకీ లేచి గుమ్మం దాకా వెళ్లి చూడటం పిరికితనం కాదు, నేర్చుకున్న పాఠం. నెలలు గడిచినా తగ్గకుండా పగటి పనులకి అడ్డొస్తుంటే దానికి విడిగా చికిత్స ఉంది.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఫోను కూడా ఇలాంటిదే. ఇక్కడ రాత్రి 2 అంటే న్యూయార్క్‌లో ముందురోజు సాయంత్రం 4:30, చలికాలంలో 3:30. అక్కడి వీసా కబురో, ఉద్యోగం కబురో వచ్చేది ఇక్కడ నిద్ర టైముకే. తలగడ కింద ఫోను పెట్టుకుని పడుకున్న తల్లిదండ్రులు నిద్రలోనూ కాపలా కాస్తున్నట్టే. గుంటూరు, విజయవాడ జూనియర్ కాలేజీ హాస్టళ్ల పిల్లలకి కారణం ఇంకా సూటిగా ఉంటుంది, వాళ్లకి అసలు చాలినంత నిద్రే ఉండదు. నిద్ర తగ్గేకొద్దీ అటాకులు పెరుగుతాయి, అటాక్ వస్తుందని పడుకోవడానికి భయపడితే నిద్ర ఇంకా తగ్గుతుంది.

ఆటో ఎక్కాలా వద్దా

ఇంట్లో ఈ తర్కం అంతా పక్కన పెట్టాల్సిన సందర్భాలున్నాయి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి 15 నిమిషాలు దాటినా, అది దవడకో భుజానికో పాకినా, స్పృహ తప్పినా, పడుకోలేనంత ఆయాసం ఉన్నా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో గ్యాస్ బిళ్ల వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవడమే ఇక్కడ ప్రాణం తీసే పొరపాటు. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటులో నొప్పి సరిగా తెలియకపోవచ్చు, చెమటా ఆయాసమే రావచ్చు. ఆసుపత్రిలో మొదటి ఈసీజీ బాగున్నా అనుమానం ఉంటే కాసేపాగి మళ్లీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. జీవితంలో మొదటిసారి వచ్చిన దడకి వెళ్లి చూపించుకోవడం ఎప్పుడూ దండగ కాదు. పదోసారికి అదే ఎమర్జెన్సీకి వెళ్లి అదే ఈసీజీ తీయించుకోవడం మాత్రం దండగే, అప్పటికి పగటిపూట అపాయింట్‌మెంట్ కావాలి.

పానిక్ అని తేలినవాళ్లు ఆ పది నిమిషాల్లో చేయగలిగింది చాలా తక్కువ, అదే మంచిది కూడా. ముక్కుతో తీసుకుని, తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలడం, నిమిషానికి ఆరు ఊపిర్లు వచ్చేలా. కవరులో ఊపిరి పీల్చడం సినిమాల్లో బాగుంటుంది, నిజంగా ఆస్తమానో గుండె జబ్బో ఉంటే ప్రమాదం. గడియారం చూడొద్దు. 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి ఇంకో గదిలో, తక్కువ వెలుతురులో కూర్చుని, కునుకొచ్చాక తిరిగి రావాలి, లేదంటే మెదడు మంచాన్నే భయానికి జత చేసుకుంటుంది.

చికిత్సలో ముందుండేది సీబీటీ అనే మాటల వైద్యం, సుమారు పది పన్నెండు సిట్టింగులు. అందులో కావాలనే మెట్లెక్కించి, గబగబా ఊపిరి తీయించి దడ తెప్పిస్తారు, దడ వచ్చినంత మాత్రాన ప్రాణం పోదని ఒంటికి తెలిసేదాకా. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి బిళ్లలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారం పది రోజులు కంగారు కాస్త పెరగొచ్చు కూడా. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది వారానికే ఆపేస్తారు. ఆల్ప్రాజోలం గంటలో పనిచేస్తుంది కాబట్టి అదే మంచి మందనిపిస్తుంది, వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే దడ రెట్టింపై వస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకునే మందు కాదది.

సైకియాట్రీ ఓపీకి వెళ్లాలంటే నలుగురూ ఏమనుకుంటారో అనే మొహమాటం ఇంకా ఉంది. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు రెండు ఊళ్లలోనూ ఉన్నాయి, మధ్యలో మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఎక్కడికీ వెళ్లకుండా మొదట మాట్లాడాలంటే 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి కూడా పనిచేస్తుంది.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా రెండు వారాల లెక్క కాగితం మీద రాసుకుని వెళ్తే సగం పరీక్షలు తప్పుతాయి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, రాత్రి ఏం తిన్నారు, తాగారు, ఏ బిళ్ల వేశారు, నాడి ఎంత, దడ ఎలా ఆగింది. పక్కన పడుకునేవాళ్లు ఫోన్‌లో రెండు నిమిషాలు గురక వీడియో తీస్తే ఇంకా మంచిది. ఊపిరి ఆగి మళ్లీ గుర్రుమనడం ఆ వీడియోలో కనిపిస్తే వెళ్లాల్సింది నిద్ర పరీక్ష చేసే ఛాతీ డాక్టరు దగ్గరికో, ఈఎన్‌టీ దగ్గరికో.